జానెడు ఎత్తు

మా ఆయన బొమ్మ హెలికాప్టర్ కాళ్ళు నేను ఎన్నిసార్లు అతికానో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆయనకైతే చాలాకాలం అతికినట్టే తెలియదు. గొడవంతా ఆ రెండో మాట దగ్గరే ఉంది.

కాళ్ళంటే ఏమిటో ముందు చెప్పాలి. మూరెడు పొడవుండే రిమోట్ హెలికాప్టర్ అది. పైన రెక్కలు, వెనక తోక, నేల మీద ఆనడానికి కింద రెండు పొడవాటి ప్లాస్టిక్ పట్టీలు. ఆ పట్టీలను పొట్టకు కలుపుతూ విల్లులా వంగిన రెండు అడ్డకమ్మీలు. డబ్బా మీద దీన్ని ల్యాండింగ్ గేర్ అని రాశారు. మా ఇంట్లో కాళ్ళనే అంటాం. మొత్తం యంత్రంలో అన్నిటికంటే బక్కగా ఉండేవి అవే, అన్నిటికంటే ముందు దెబ్బ తినేవీ అవే.

మూడేళ్ళ కిందట కర్నూలులో ఎగ్జిబిషన్ పెడితే ఇద్దరం పోయాం. నేను ఊరగాయ జాడీలు బేరమాడి వచ్చేలోపల ఆయన ఆ డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"యాభై దాటినాయి నీకు. ఎవరికప్పా అది?"

"నాకే. ఇన్నేండ్లూ నేల మీదనే తోలితి. ఇంగ కొంచెం గాల్లో తోల్తా."

ఆయన బస్సు డ్రైవరు. పొద్దున్నే కర్నూలులో ఎక్కితే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి కడప. అక్కడ అన్నం తిని, మళ్ళీ అదే దారిన వెనక్కి. ఒకరోజు డ్యూటీ, ఒకరోజు ఇల్లు. ఇంట్లో ఉన్నరోజు ఎండ కాస్త వాలగానే మిద్దె ఎక్కేవాడు. మొదటి రెండు నెలలూ ఎక్కినప్పుడల్లా ఒక కాలు విరగ్గొట్టుకుని దిగేవాడు. నేను ఊరుకుంటానా. "బస్సు ఇట్లనే తోల్తాండావా, ఏమి?" అనేదాన్ని. ఆ మాట అప్పట్లో తేలిగ్గానే అన్నాను.

విరిగిన కాళ్ళు పట్టుకుని పాత ఊళ్ళో ఉన్న భాయ్ అంగడికి పోయాను. గడియారాలూ బొమ్మలూ బాగుచేసే పెద్దాయన. కంటికి భూతద్దం తగిలించుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ మోడల్ కాళ్ళు విడిగా రావమ్మా. రెక్కలు దొరుకుతాయి, బ్యాటరీ దొరుకుతాది. కాళ్ళు కావాలంటే కొత్త హెలికాప్టరే కొనాల."

"అంటే కాలు విరిగితే మనిషినే మార్చాల్నా భాయ్?"

"మీ నోటికి నా అంగట్లో స్పేర్ లేదమ్మా" అని నవ్వి, ఆ కాళ్ళు నా చేతిలోనే పెట్టాడు.

అట్లా ఆ పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే మీద వేసుకున్నాను. బీఎస్సీ చదివి, పదేళ్ళు ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్పి, యాజమాన్యంతో పోట్లాడి మానేసినదాన్ని. విరిగిన వస్తువు చూస్తే చేతులు ఊరుకోవు. పైగా నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా అతకాలి. వేలికి కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడితే ఒకటైపోతాయి. అట్లాంటివి వేల పోగులు. మా ఇంట్లో ఆడవాళ్ళ పని అది. నేను అతికినదాని మీద మా అమ్మ గోరు పెట్టి జారవిడిచేది. గోటికి ఏదైనా తగిలిందో, తీసి మళ్ళీ చేయించేది.

"గోటికి తగిలినాది రేపు కట్టుకున్నామెకు తగుల్తాది. తెగినట్టు తెలిస్తే నువ్వు అతికినట్టు కాదు" అనేది.

హెలికాప్టర్ కాళ్ళకు కూడా నాకు వచ్చిన పద్ధతి అదే. కాలిపోయిన అగరుబత్తి అడుగున మిగిలే వెదురు పుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి, చీలిక పక్కన ఆన్చి, మగ్గం నూలు ఒక్క వరసగా చుట్టేదాన్ని. పోగు మీద పోగు ఎక్కకూడదు, ఎక్కితే లావైపోతుంది. దాని మీద వేళ్ళు అతుక్కుపోయే ఆ గమ్ము ఒక్క చుక్క. తడి ఉండగానే చిటికెడు వంటసోడా చల్లితే రాయిలా గట్టిపడుతుంది. గరుకు కాగితంతో రుద్ది, నల్ల గోళ్ళరంగు పూస్తే అయిపోయింది. ఫ్యాన్సీ అంగట్లో ఆ రంగు అడిగితే అక్కడి పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరికి ఆంటీ?" అంది. "హెలికాప్టర్‌కు" అన్నాను. 

గోరు పెట్టి జారవిడిచి చూసేదాన్ని. తగిలేది కాదు. మా అమ్మ ఉంటే ఒప్పుకునేది.

తర్వాత ఆయన చేయి కుదిరింది. మా మిద్దె మీద ఇల్లు కట్టినప్పుడు మిగిలిపోయిన కడప బండ ఒకటి ఉంది. నేను మిరపకాయలు ఎండబెట్టేది దాని మీదే. ఆయన నా మిరపకాయలు పక్కకు ఊడ్చి, దాని మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, సరిగ్గా ఆ గుండ్రంలో హెలికాప్టర్ దించడం నేర్చుకున్నాడు. పిచ్చుక వాలినట్టు వాలేది. ఏడాదికి పైగా ఒక్క కాలూ విరగలేదు. అగరుబత్తి పుల్లలు చెత్తబుట్టలోకే పోయాయి.

పోయిన ఎండాకాలం చివర్లో బీరువా మీద దుమ్ము దులుపుతూ హెలికాప్టర్ చేతిలోకి తీసుకున్నాను. అడ్డకమ్మీకి నడుము దగ్గర వెంట్రుకవాసి చీలిక. రెండోదానికీ అంతే. ఆరోజు ఆయన డ్యూటీలో ఉన్నాడు. అంతకు ముందురోజు ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఎందుకంటే టీ గ్లాసు. కొన్నాళ్ళుగా ఆయన గ్లాసు బల్ల మీద పెట్టినప్పుడల్లా టక్కుమని చప్పుడయ్యేది, టీ తొణికేది. నామీద కోపం గ్లాసు మీద చూపిస్తున్నాడనుకున్నాను. ఆ మాటే అన్నాను. "నేనేం కొట్టలా, పెట్టినా" అన్నాడు. "పెడితే చప్పుడెట్లా అవుతాది?" అన్నాను. అది పెరిగి పెరిగి ఆయన అన్నం తినకుండా పడుకునేదాకా పోయింది. ఆ పోట్లాట మీద మళ్ళీ ఈ చీలిక ఎందుకులే అనుకుని, నోరు మూసుకుని అతికేశాను. దయతోనే చేశాను. ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను.

వారం తిరగకముందే మళ్ళీ చీలింది. మళ్ళీ అతికాను. ఆయన పొద్దున్నే పోయేవాడు, నేను పదింటికి కమ్మీలు చూసేదాన్ని. పది రోజులకోసారి, తర్వాత ఎగరేసిన ప్రతిసారీ. చీలిక ఆయన కంటికి ఎందుకు ఆనడం లేదన్న ప్రశ్న నాకు అప్పుడు రాలేదు. అంతమంది పిల్లలకు ప్రశ్నలు వేయడం నేర్పినదాన్ని, నాకు రాలేదు.

ఒకరోజు కమ్మీ నిలువునా చీలిపోయి నా పుల్లకు లొంగలేదు. మళ్ళీ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన భూతద్దం పెట్టుకుని నా పాత అతుకులన్నీ వేలితో తడిమాడు.

"పని బాగుండాదమ్మా. ఎవరు చేసినారు?"

"నేనే."

"నడిపేది ఎవరు?"

ఎందుకో నాలుక మెలిక తిరిగింది. "మా తమ్ముడు" అన్నాను. నాకు తమ్ముడు లేడు.

భాయ్ ఆ కమ్మీని వెలుతురుకు పట్టి చూపించాడు. "కొన విరిగితే ముక్కు గుద్దినాదని అర్థం. ఒక పక్క విరిగితే వంకరగా దిగినాదని. ఇది సూడు, రెండు పక్కలా ఒకే తీరుగా నడుము కాడ చీలినాది. తిన్నగా నిలబెట్టి పైనుంచి ఇడిసిపెట్టినట్టు."

"ఎంత పైనుంచి?"

బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానెడు చూపించాడు. "నేల తగిలినాది అనుకొని ఆపేస్తాండాడు. తగల్లా. ఇంకా ఇంత ఉండాది. నాకు ఈ కంట్లో శుక్లం వచ్చినప్పుడు ఇట్లనే అయ్యేది. గడియారం ముల్లు పట్టుకోవాలని పట్టకారు పెడితే గాల్లోనే మూసుకునేది. రెండు కండ్లూ ఉంటేనే దూరం తెలిసేది. మీ తమ్మునికి కండ్లు సూపియ్యమ్మా. ఆలస్యం చేయొద్దు." కమ్మీ నా చేతికిస్తూ, "ఏం పని చేస్తాడు?" అన్నాడు.

"ఏదో... కూర్చునే పని" అన్నాను.

ఆటోలో ఇంటికి వస్తుంటే నా పాత తరగతిగది కళ్ళ ముందుకొచ్చింది. బడిలో పిల్లల చేత ఒక కన్ను మూయించి రెండు పెన్సిళ్ళ మొనలు కలపమనేదాన్ని. ఒక్కరికీ కలిసేవి కావు, తరగతంతా ఒకటే నవ్వు. రెండు కళ్ళూ కొంచెం వేరువేరుగా చూస్తాయి కాబట్టే మనకు దూరం తెలుస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. టీ గ్లాసు గుర్తొచ్చింది. బల్ల తగిలిందనుకుని వదిలేస్తున్నాడు. కోపం కాదు. నెలల తరబడి నేను పోట్లాడింది ఆయన కంటితో. అయినా ఆయన డ్యూటీ నుంచి వచ్చేలోపల ఆ కమ్మీకి ఈ కొస నుంచి ఆ కొస దాకా పుల్లలు ఆన్చి అతికే పెట్టాను.

ఆ మరుసటి సెలవురోజు బట్టలు ఆరేసే నెపంతో మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి చూశాను. హెలికాప్టర్ గుండ్రం మీదికి వచ్చింది. దిగుతోంది. బండకు జానెడు ఎత్తున ఉండగానే రెక్కల చప్పుడు ఆగిపోయింది. టప్. కాళ్ళు వెడల్పయి, మళ్ళీ దగ్గరికొచ్చి నిలబడింది. ఆయన తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

"ఎట్లుండాది ల్యాండింగ్?"

"ముందే ఆపినావు కదప్పా" అన్నాను. 

"యాడ? తగిలినాంకనే ఆపినా. నీకు అంత దూరం నుంచి ఏం కనపడ్తాది?"

డ్రైవర్లకు ఏటా జరిగే ఆరోగ్య పరీక్షకు ఇంకో మూడు వారాలుంది. కళ్ళు కూడా చూస్తారు. పోయినేడాది ఆయన అక్కడినుంచి వచ్చి నవ్వుతూ చెప్పిన సంగతి ఒకటి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అరచేత్తో కన్ను మూసుకోమంటారట. వేళ్ళ సందు కొంచెం వదిలితే అక్షరాలన్నీ కనపడతాయట. "నలుగురం అట్లనే చదివినాం" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను.

ఆ పరీక్ష తప్పితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. ఆయన జతగాడొకాయన కంటి మూలంగానే స్టీరింగు దిగిపోయాడు. ఇప్పుడు డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చే పోయే బస్సుల నంబర్లు రాస్తుంటాడు. మా ఆయన రోజూ ఆయన ముందునుంచే బస్సు తీస్తాడు. "ఆయప్ప తలకాయ ఎత్తడే. నా కాళ్ళు చేతులు పోయినా ఆ కుర్చీలో మాత్రం కూర్చోను" అని ఎన్నిసార్లన్నాడో. కాబట్టి నా భయం రెండు వైపులా ఉండేది. కన్ను బయటపడితే ఈ మనిషి ఏమైపోతాడో అని ఒకటి. బయటపడకపోతే ఆ బస్సులో ఉన్న యాభైమంది ఏమైపోతారో అని ఇంకొకటి. డ్యూటీరోజు మధ్యాహ్నం ఫోన్ మోగితే రెండోసారి మోగేదాకా ముట్టుకునేదాన్ని కాదు.

చివరికి అడిగాను. మాట తిప్పడం నాకు రాదు.

"పరీక్షకు ముందే ఒకసారి కంటి డాక్టరు కాడికి పోదాం."

"ఏమిటికి?"

"నీకు ఎత్తు తెలియడం లేదు."

ఆయన లేచిపోయి, బీరువా మీంచి హెలికాప్టర్ తెచ్చి, దాన్ని తిరగేసి నా ముందు బల్ల మీద పెట్టాడు.

"చూడు. ఏడాదిన్నర అయింది. ఒక్క కాలు విరిగినాదా? ఒక్క గీత ఉండాదా? బండరాయి మీద దించుతాండా మే, పరుపు మీద కాదు. నాకు ఎత్తు తెలియకపోతే ఈ కాళ్ళు ఇట్లుంటాయా?"

నేను పూసిన గోళ్ళరంగు తళతళ మెరుస్తోంది. ఆయన బొటనవేలు పెట్టి కమ్మీ పొడవునా జారవిడిచాడు. ఏమీ తగల్లేదు.

నా జీవితంలో ఎవరి ముందూ మాట లేకుండా నిలబడలేదు. అత్తగారి ముందు నిలబడలేదు, బడి యాజమాన్యం ముందు నిలబడలేదు. ఆరోజు నిలబడ్డాను. నాకు వ్యతిరేకంగా ఆయన తెచ్చిన సాక్ష్యం నా చేతిపనే. చీలిక చీలికగా ఆయనకు తెలియాల్సినదాన్ని నేను ఎప్పటికప్పుడు తుడిచేస్తూ వచ్చాను. తనకేదో తేడాగా ఉందని ఆయనకు మాత్రం లోపల అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చినప్పుడల్లా ఆ కాళ్ళు చూసుకుని ధైర్యం తెచ్చుకుని ఉంటాడు. ఆ ధైర్యం అగరుబత్తి పుల్ల మీద నిలబడి ఉంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. "సరేలే" అన్నాను. నేను సరేలే అనడం విని ఆయనే బిత్తరపోయాడు.

ఆ వారంలో కడపలో మా పెద్దమ్మ కూతురింట్లో గృహప్రవేశం. ఆయన బస్సులోనే పోయాను. డ్రైవరుకు ఎడమ పక్కన, ముందు సీటు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఎక్కి ఉంటానో ఆ బస్సు, నంద్యాల రాకముందే నిద్రపోయేదాన్ని. ఆరోజు రెప్ప వేయలేదు. ముందర ఏ వాహనం కనపడినా నా కుడికాలు నేలను తొక్కుతోంది. ఆళ్ళగడ్డ దాటాక బండలు వేసుకుపోతున్న ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది. ట్రాలీ వెనక బండల కొసలు బయటికి పొడుచుకుని ఉన్నాయి. ఆయన దాని దగ్గరికి, ఇంకా దగ్గరికి పోయి బ్రేకు వేశాడు. నిలిచిన వాళ్ళంతా ముందుకు తూలారు. వెనకనుంచి ఒకావిడ బిడ్డ తల నిమురుతూ, "మెల్లగప్పా, సంతకు పోతాండామా యుద్ధానికి పోతాండామా?" అంది. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఒకవైపే ఉంది. స్టీరింగు మీద ఆయన వేళ్ళు చూశాను, గణుపులు తెల్లబడి ఉన్నాయి.

మైదుకూరు బస్టాండులో బస్సు లోపలికి తిప్పి ప్లాట్‌ఫారం అంచుకు ఆన్చేటప్పుడు ముందు చక్రం రాతికి గుద్దుకుంది. పెద్దగా కాదు. టక్.

బల్ల మీద గ్లాసు చప్పుడే అది, అచ్చం.

కండక్టరు తల బయటికి పెట్టి చూసి, "ఏం అన్నా, ప్లాట్‌ఫారం మీదికే ఎక్కిస్తావా? టికెట్ కొట్టల్ల దానికి" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఆ రాతికి రెండడుగుల దూరంలో ఒక ముసలాయన కాళ్ళు చాపుకుని వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు ఆయన. నేను ఆ చాపిన కాళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను, బస్సు మళ్ళీ కదిలేదాకా.

గృహప్రవేశంలో ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆయన మధ్యాహ్నం బస్సు వెనక్కి తోలుకుపోయాడు. నేను అక్కడే ఉండిపోయి, క్షేమంగా దిగానని ఆయన ఫోన్ చేసేవరకూ వాళ్ళ కొత్త ఇంటి గడపలో కూర్చున్నాను.

మర్నాడు ఇంటికి వచ్చాను. ఆయనకు సెలవు. ఎండ వాలుతోంది, హెలికాప్టర్ తీసుకుని మిద్దె ఎక్కబోతున్నాడు. నేను చేతిలోంచి లాక్కుని, బ్లేడు తీసుకుని, ఆయన ఎదురుగానే కాళ్ళ మీద రంగు గీకడం మొదలుపెట్టాను.

"ఏందిమే, పిచ్చి పట్టినాదా?"

"చూడు."

రంగు కింద సోడా తెల్లగా బయటపడింది. దాని కింద నూలు. దాని కింద వెదురు. ఒకటి, రెండు, మూడు. ఆయన నా చేతుల్లోంచి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. కమ్మీ మొత్తంలో నేను చుట్టని చోటు వేలెడు కూడా లేదు. అతుకుల మీదే నిలబడి ఉంది ఆ యంత్రం.

"ఇవి ఎప్పటివి?"

"పోయిన ఎండాకాలం నుంచి. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు చేసినా."

ఆయన కన్ను గురించి ఏమీ అనలేదు. నేను ఊహించని చోట పట్టుకున్నాడు.

"అన్ని దినాలు నోరు మూసుకున్నావా? నువ్వు?"

"మూసుకున్నా."

"ఊరందరి తప్పులూ ముఖం మీద చెప్తావు. నా కాడికి వచ్చేసరికి రంగు పూసినావా? నేను దీన్ని సూసుకొని..." ఆపేశాడు. "జాలా?" అన్నాడు. ఆ మాట అంత అసహ్యంగా ఎవరూ పలకగా నేను వినలేదు.

"భయం" అన్నాను. "నాకు భయమైతాది. నిన్న మైదుకూరులో ఆ ముసలాయన కాళ్ళు చూసినావా?"

"ఏ ముసలాయన?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తర్వాత ఆయన హెలికాప్టర్ తీసుకుని మిద్దె ఎక్కాడు. నేనూ వెనకే పోయాను. పరీక్ష పెట్టాలని పోలేదు, ఒంటరిగా వదలడానికి భయమేసి పోయాను. ఆయన హెలికాప్టర్ లేపాడు. మిద్దె చుట్టూ ఒకసారి తిప్పి గుండ్రం మీదికి తెచ్చాడు. నేను బండ పక్కన నేల మీద చెంప ఆనేంత కిందికి వంగి కూర్చున్నాను. పడుగు బిగువు చూడ్డానికి మా నాయన అట్లాగే వంగి చూసేవాడు. జానెడు ఎత్తున రెక్కలు ఆగాయి. టప్. ఈసారి కాళ్ళు దగ్గరికి రాలేదు. కుడి కమ్మీ నా పుల్లతో సహా రెండు ముక్కలై, హెలికాప్టర్ పక్కకు ఒరిగింది.

"తగిలినాంకనే ఆపినా" అన్నాడు ఆయన. కానీ అది నాతో అనలేదు.

నేను తలలోంచి పిన్ను తీసి, విరిగిన చోట కట్టుకట్టి, రబ్బరు బ్యాండు బిగించాను. వికారంగా ఉంది, కనపడేటట్టుంది. "ఇంకోసారి దించు" అన్నాను. "నేను చెప్పినప్పుడు ఆపు."

"నువ్వు చెప్తే నేను వినాల్నా?"

"ఇరవై ఆరేండ్లలో ఒక్కసారి విను."

లేపాడు. తెచ్చాడు. దిగుతోంది. ఆయన బొటనవేలు రిమోట్ మీద బిగుసుకుంటోంది.

"ఇంకా ఉండాది."

"తగిలినాది మే."

"తగల్లా. జానెడు ఉండాది. దించు."

ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, ఆయన కంటికి అది బండలోకి దూరిపోతోంది. ఇక దించడం అంటే పగలగొట్టడమే ఆయనకు.  అయినా దించాడు. బెత్తెడు. రెండు వేళ్ళు. రెక్కల గాలికి సుద్దపొడి లేచి నా కళ్ళలో పడింది. కళ్ళు మూసుకుంటే ఎత్తు తెలియదని తెరిచే ఉంచాను.

"ఇప్పుడు" అన్నాను.

చప్పుడు లేదు. పిన్నుతో కట్టిన కాలు మీద నిలబడింది.

ఆయన రిమోట్ పిట్టగోడ మీద పెట్టబోయాడు. పెట్టేముందు చిటికెనవేలు చాపి గోడను తాకి చూసుకున్నాడు. అప్పుడు పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి డిపోకు కొట్టాడు. రేపు డ్యూటీకి ఇంకొకరిని వేయమన్నాడు. జ్వరమా అని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు.

"జ్వరం కాదు సార్. కన్ను" అన్నాడు.

ఎడమ కన్ను. లోపల పొర దెబ్బతిన్నదనీ, మేము తేలిగ్గా తీసుకున్న చక్కెర జబ్బు వల్లననీ డాక్టరు చెప్పింది. ఉన్న చూపును నిలబెట్టడానికి సూదులు వేస్తున్నారు, నెలకొకటి. పోయింది తిరిగొస్తుందా అని ప్రతిసారీ నేను అడుగుతాను, చూద్దాం అని ప్రతిసారీ ఆవిడ అంటుంది. బస్సు మాత్రం వద్దని రాసిచ్చేసింది. ప్రస్తుతానికి ఆయన డిపోలోనే ఉన్నాడు, గేటు దగ్గర, రెండో కుర్చీలో. మొదటి వారం ఇంట్లో డిపో ఊసే ఎత్తలేదు. రెండో వారం, జతగాడి చేతిరాత కోడి గెలికినట్టుందని ఫిర్యాదు చేశాడు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

హెలికాప్టర్ బీరువా మీద ఉంది, నా తలపిన్నూ రబ్బరు బ్యాండుతోనే. అతకనా అని నేను అడగలేదు. అతకమని ఆయనా అనలేదు.

ఇప్పుడు టీ తాగి గ్లాసు పెట్టేటప్పుడు ముందు చిటికెనవేలితో బల్లను వెతుక్కుంటాడు. చప్పుడు కాదు. వంటింట్లో పని చేసుకుంటూ నేను ఆ పాత చప్పుడు కోసమే ఇంకా చెవి వేసి ఉంటాను. అది ఇప్పుడు వినపడదు కాబట్టి, ఆయన ఇంకా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడో, వేలు చాపి వెతుక్కుంటున్నాడో తెలియదు. చేతులు తుడుచుకుని వచ్చి చూసిపోతాను.